అమ్మను చూడ కెనడా వెళ్ళాము



2024 అక్టోబరు మాసంలో మేము మా సతీమణితో కలిసి కెనడా దేశంలోని బ్రాంప్టన్ పట్టణానికి వెళ్ళి నాలుగు వారాలు ఉండి వచ్చాము. వచ్చిన నాటి నుండి నయాగరా జలపాతం ఎలా ఉందని అడిగినవారు కొద్దిమందే. "అయ్యగారూ, మీ అమ్మగారు అన్నేసి నెలలు అక్కడ ఎలా ఉంటున్నారు? అదేం వీసా? మా అబ్బాయి కూడా రమ్మంటున్నాడు, వెళ్ళమంటారా?" అని అడిగినవారే ఎక్కువ. గుమ్మంలో నిలబడి రెండు మాటల్లో చెప్పే సంగతి కాదు గనుక పత్రిక ద్వారా అందరికీ చెబుతున్నాము. ఇందులో మా తప్పు కూడా ఒకటి ఉన్నది. దానిని దాచకుండా వ్రాస్తున్నాము.

మా స్వగ్రామం తెనాలి దగ్గర కృష్ణా కాలువ క్రింద ఉన్నది. నాన్నగారు 2019లో ప్రభువునందు నిద్రించారు. అప్పటి నుండి అమ్మ మాతోనే ఉండేది. మా చెల్లెలు నర్సు చదివి, ముందు ఢిల్లీలో పనిచేసి, తరువాత కెనడా వెళ్ళి అక్కడి పౌరసత్వం పొందింది. వారికి ఒక అమ్మాయి, ఒక అబ్బాయి. చెల్లెలికి వారంలో మూడు నాలుగు రాత్రులు డ్యూటీ. భర్త లారీ నడుపుతాడు. అతను ఇంట లేని రాత్రి ఆమెకు డ్యూటీ పడితే పిల్లలను ఎవరి దగ్గర ఉంచాలి? "అన్నయ్యా, అమ్మను పంపించు" అని 2022 క్రిస్మస్ నాడు ఫోనులో ఏడ్చింది. మేము సరేనన్నాము. అమ్మను అడిగామా? "చిన్నమ్మాయి దగ్గరకు వెళ్తావా అమ్మా?" అని అడిగాము. "మీ ఇష్టం నాయనా" అన్నది. ఆ మాటను మేము సమ్మతి అనుకున్నాము.

అమ్మ వెళ్ళిన వీసాను అక్కడివారు సూపర్ వీసా అంటారు. కెనడాలో స్థిరపడినవారి తల్లిదండ్రులకు, తాత అమ్మమ్మ నాయనమ్మలకు మాత్రమే ఇచ్చే వీసా ఇది. అది పుట్టిన కథ కూడా తెలుసుకోదగినదే. తల్లిదండ్రులను శాశ్వతంగా తెచ్చుకొనడానికి పిల్లలు పెట్టిన దరఖాస్తులు పేరుకుపోయి, 2011 నాటికి లక్షా అరవై వేల మందికి పైగా వరుసలో ఎదురుచూస్తూ ఉన్నారు. అప్పుడు ప్రభుత్వం 2011 నవంబరులో క్రొత్త దరఖాస్తులు తీసుకోవడం ఆపి, ఆ మరుసటి నెలలోనే, అంటే 2011 డిసెంబరు 1 నుండి, ఈ వీసాను ప్రారంభించింది. 2014లో ఆ శాశ్వత ద్వారాన్ని మరల తెరిచారు గాని, ఆ సంవత్సరానికి 5,000 దరఖాస్తులే అన్నారు. 2020లో పేర్లు ఇచ్చుకున్నవారి జాబితా నుండే 2025 వరకు చీట్లు తీసి పిలిచారు. మా చెల్లెలు కూడా 2020లో పేరు ఇచ్చింది. పిలుపు రాలేదు. అందుచేత అమ్మకు ఈ వీసాయే దిక్కయింది.

ఇది పది సంవత్సరాల వరకు చెల్లవచ్చు. ఆ గడువులో ఎన్నిసార్లయినా వెళ్ళిరావచ్చు. అయితే పాస్‌పోర్టు గడువుకు మించి వీసా ఇవ్వరు గనుక, పాతబడిన పాస్‌పోర్టు ఉన్నవారు ముందుగా దానిని క్రొత్తది చేయించుకోవడం మంచిది. మొదట్లో ఒకసారి వెళ్తే రెండేళ్ళు ఉండనిచ్చేవారు. 2022 జూలై 4 నుండి ఒక్కొక్క రాకకు ఐదేళ్ళ వరకు ఉండవచ్చని మార్చారు. అక్కడ జీతానికి పనిచేయరాదు. దంపతులిద్దరూ వెళ్ళవచ్చును గాని, చదువుకుంటున్న చిన్నకొడుకును కూడా ఇదే వీసాపై వెంటబెట్టుకుపోవడానికి వీలులేదు.

పిల్లల వైపు నుండి కావలసినవి మూడు ముఖ్యమైనవి. తల్లిదండ్రులను పోషిస్తామని వ్రాసి ఇచ్చే ఆహ్వానపు ఉత్తరం మొదటిది. ఇంట్లో ఉన్నవారితోపాటు రాబోయే తల్లిదండ్రులను కూడా లెక్కకట్టి, అంతమందికి చాలినంత ఆదాయం ఉన్నదని పన్ను కాగితాలతో చూపడం రెండవది. కనీసం ఒక సంవత్సరానికి, లక్ష డాలర్లకు తక్కువ కాకుండా ఆరోగ్య బీమా మూడవది. అమ్మ వెళ్ళినప్పుడు ఈ బీమా కెనడా కంపెనీ దగ్గరే తీసుకోవలసి ఉండేది. 2025 జనవరి 28 నుండి అక్కడి ప్రభుత్వపు పర్యవేక్షణలో ఉన్న బయటి దేశపు కంపెనీల బీమా కూడా ఒప్పుకుంటున్నారు. దరఖాస్తు ఇక్కడ ఉండగానే పెట్టుకోవాలి. వారు నియమించిన డాక్టరు దగ్గర వైద్య పరీక్ష చేయించుకోవాలి.

మా చెల్లెలు అమ్మకు కూతురే అని రుజువు చేసే కాగితం దగ్గర మేము చిక్కుకున్నాము. మా చెల్లెలు 1984లో ఇంట్లోనే మంత్రసాని చేతిలో పుట్టింది. పంచాయతీలో వ్రాయించినవారు లేరు. టెన్తు సర్టిఫికెట్టులో నాన్నగారి పేరు మాత్రమే ఉన్నది. ఏమి చేయాలో తోచక ఉండగా, ఆ వీసా నియమాల్లో జనన పత్రంతోపాటు బాప్తిస్మపు పత్రం అన్న మాట మా కంటబడింది. వెంటనే మా స్వగ్రామానికి వెళ్ళి, అక్కడి సంఘ కాపరిగారితో కలిసి వెస్ట్రీలోని చెక్క బీరువా తెరిచాము. చెద కొంత తిన్నా ఆ సంవత్సరపు రిజిస్టరు మిగిలి ఉన్నది. నీలి సిరాతో పాపపేరు, తండ్రిపేరు, తల్లిపేరు, తేదీ. ఆ అక్షరాలు చూసినప్పుడు మా కళ్ళు చెమర్చాయి. అప్పటి అయ్యగారు ఓపికగా వ్రాసిన ఆ ఒక్క వరుస, నలభై ఏళ్ళ తరువాత ఒక తల్లిని సముద్రం దాటించింది. తోటి కాపరులకు మా మనవి: రిజిస్టర్లు భద్రం. తల్లిపేరు తప్పక వ్రాయండి. ఆధార్‌లో, పాస్‌పోర్టులో, సంఘ పుస్తకంలో ఒకే పేరు ఉండేటట్లు చూడమని కుటుంబాలకు చెప్పండి.

మధ్యలో ఒక ఏజెంటు దగ్గరకు కూడా వెళ్ళాము. "ఈ వీసా మీద వెళ్తే అక్కడే స్థిరపడిపోవచ్చు, రెండు లక్షలు ఇవ్వండి" అన్నాడు. అది నిజం కాదు. ఇది సందర్శకుల వీసాయే. స్థిరనివాసం ఇచ్చేది కాదు. మేము స్వయంగా దరఖాస్తు పెట్టినప్పుడు ప్రభుత్వానికి కట్టినది 100 డాలర్ల రుసుము, వేలిముద్రలకు 85 డాలర్లు. వైద్య పరీక్ష, బీమా ఖర్చులు వేరు.

వేలిముద్రలకు అమ్మను హైదరాబాదు తీసుకువెళ్ళాము. అక్కడ అద్దం మీద నాలుగు వేళ్ళు పెట్టమన్నారు. యంత్రం తీసుకోలేదు. మరల పెట్టమన్నారు. మరల తీసుకోలేదు. ఆ అమ్మాయి తడి గుడ్డతో తుడిచి, "ఏం పని చేసేవారు అమ్మా?" అని అడిగింది. "నాట్లు, కలుపు, కోతలు" అన్నది అమ్మ. మమ్మల్ని చదివించడానికి అరిగిపోయిన వేళ్ళు అవి. నాలుగవసారికి గాని ముద్ర పడలేదు.

2023 మే నెలలో అమ్మ వెళ్ళింది. పదిహేడు నెలల తరువాత మేము సాధారణ సందర్శకుల వీసాపై ఆమెను చూడ బయలుదేరాము. శంషాబాదు నుండి దుబాయి నాలుగు గంటలు, అక్కడి నుండి టొరంటో సుమారు పద్నాలుగు గంటలు. దిగేసరికి సాయంకాలం. విమానాశ్రయం నుండి బ్రాంప్టన్ దూరం కాదు. దారి పొడవునా మేపుల్ చెట్ల ఆకులు మన మిరపకళ్ళంలో ఎండబోసిన కాయల్లాగా ఎర్రగా ఉన్నాయి. ఇళ్ళన్నీ ఒకే అచ్చులో పోసినట్లున్నాయి. వీధిలో మనిషి అలికిడి లేదు. దుకాణాల మీద ఇంగ్లీషుతోపాటు పంజాబీ అక్షరాలు కనిపించాయి. పంజాబు నుండి వెళ్ళినవారు ఆ పట్టణంలో చాలామంది ఉన్నారు.

తలుపు తీసినది అమ్మే. స్వెట్టరు, మేజోళ్ళు, తలకు ఊలు టోపీ. చిక్కిపోలేదు గాని మాట తగ్గింది. మా సతీమణి కాళ్ళకు వంగబోతే లేపి కౌగిలించుకొని, చాలాసేపు విడువలేదు. ఆ రాత్రి అందరూ పడుకున్న తరువాత మా గదిలోకి వచ్చి మంచం అంచున కూర్చున్నది.

"నన్ను తీసుకెళ్ళడానికే వచ్చారా నాయనా?"

మాకు జవాబు రాలేదు. "చూడ్డానికి వచ్చాం అమ్మా" అన్నాము. "సరేలే, పడుకోండి, అలిసిపోయుంటారు" అని లేచి వెళ్ళిపోయింది.

మరునాటి నుండి ఆమె దినచర్య చూశాము. తెల్లవారుజామున ఐదింటికి లేచి ప్రార్థన. అప్పుడు మనకు మధ్యాహ్నం రెండున్నర. పిల్లలను లేపి, తినిపించి, బడి బస్సు ఎక్కించి, డ్యూటీ దిగి వచ్చిన కూతురికి అన్నం పెట్టి పడుకోబెడుతుంది. ఇక పిల్లలు వచ్చేవరకు ఇల్లు నిశ్శబ్దం. బయట ఎండ ఉంటే దగ్గరలోని పార్కుకు నడుస్తుంది. మేమూ వెంట వెళ్ళాము. అక్కడ తలపాగాల పెద్దలు బల్లల చుట్టూ చేరి పేకాడుకుంటున్నారు. ఒక బెంచీ మీద కూర్చున్న పంజాబీ అవ్వ అమ్మను చూడగానే జరిగి చోటిచ్చింది. ఈమెకు హిందీ రాదు, ఆమెకు తెలుగు రాదు. ఈమె తెలుగులో మోకాళ్ళ నొప్పుల సంగతి చెబితే, ఆమె పంజాబీలో ఏదో చెప్పి తన మోకాలు తట్టి చూపింది. గంటసేపు అలా మాట్లాడుకున్నారు. "ఆవిడకూ నలుగురు మనవలు. ఊళ్ళో గేదెలు ఉండేవట" అన్నది అమ్మ. ఎలా తెలిసిందో మాకు తెలియదు.

ఒక శనివారం రాత్రి ఒంటిగంటకు మెలకువ వస్తే క్రింద దీపం వెలుగుతున్నది. అమ్మ ముసుగు వేసుకొని, ఫోను చెవి దగ్గర పెట్టుకొని కూర్చున్నది. మన దగ్గర ఆదివారం ఉదయం పదిన్నర ఆరాధన అక్కడ శనివారం అర్ధరాత్రి దాటి ఒంటిగంట. మేము లేని ఆ ఆదివారాల్లో మా సంఘపెద్ద వాక్యం చెబుతుంటే ఒక యౌవనస్థుడు ఫోనులో వినిపిస్తున్నాడు. పదిహేడు నెలలుగా ప్రతి వారం ఆమె ఇలాగే మేలుకొని వింటున్నదని మాకు అప్పుడే తెలిసింది.

తెలియని సంగతి మరొకటి కూడా ఉన్నది. 2024 జనవరిలో అమ్మ మంచుమీద జారిపడి ముంజేయి విరిగింది. కట్టు విప్పేవరకు మాకు చెప్పవద్దని ఒట్టు పెట్టించిందట. అక్కడి రాష్ట్ర ప్రభుత్వ వైద్యం సందర్శకులకు వర్తించదు. బీమాయే ఆదుకున్నది. మొదటి 500 డాలర్లు మాత్రం ఒప్పందం ప్రకారం చెల్లెలే కట్టుకున్నది. అమ్మకున్న బి.పి., షుగరు సంగతి బీమా కాగితంలో దాచకుండా వ్రాయబట్టే బిల్లు చెల్లింది. ప్రీమియం తగ్గుతుందని జబ్బులు దాచినవారు ఆసుపత్రి పాలైనప్పుడు చిక్కుల్లో పడతారు. ఇంకొక మాట. ఆ బీమా ఆపదకే. నెలనెలా డాక్టరుకు చూపించుకోవడానికి, మామూలు మాత్రలకు అది పనికిరాదు.

ఒకరోజు నయాగరా తీసుకువెళ్ళారు. గుర్రపు లాడం ఆకారంలో ఉన్న ఆ జలపాతం ముందు నిలబడితే మాట పెగలదు. తుంపర మన తొలకరి జల్లువలె ముఖాన పడుతున్నది. అమ్మ చాలాసేపు చూసి, "ఇన్ని నీళ్ళు! చివరి భూములకు అందక మన కాలువ క్రింద ఎంత కొట్లాడుకునేవాళ్ళం" అన్నది. మేమంతా నవ్వాము. ఆమె నవ్వలేదు.

అక్టోబరు 14 సోమవారం ఆ దేశంలో కృతజ్ఞతార్పణ దినం. ప్రతి సంవత్సరం అక్టోబరు రెండవ సోమవారం పంటలను బట్టి జరుపుకుంటారు, మన కోతపండుగ వంటిది. చెల్లెలికి ఆ రోజు సెలవు. భోజనాల తరువాత అందరం బల్ల చుట్టూ కూర్చున్నాము. మేమే మొదలుపెట్టి, "అమ్మా, నీకు ఇక్కడ ఎలా ఉంది, ఉన్నది ఉన్నట్లు చెప్పు" అన్నాము. ఆమె గుడ్డ మడతలు సర్దుకుంటూ, "పిల్లలు బంగారాలు. చిన్నమ్మాయి పువ్వుల్లో పెట్టుకొని చూస్తుంది. కాని మీ నాన్న దగ్గర నా చోటు ఉంది కదా. ఇక్కడ ఏదైనా అయితే?" అన్నది.

చెల్లెలు ఆమె చేయి పట్టుకొని, "అమ్మా, ఆ భయం వద్దు. బీమాలో అది కూడా ఉంది. స్వదేశానికి చేర్చే ఖర్చు వాళ్ళే పెట్టాలి" అన్నది. నిజమే. ఆ వీసాకు తీసుకునే బీమాలో వైద్యం, ఆసుపత్రి ఖర్చులతోపాటు స్వదేశానికి చేర్చడం కూడా ఉండాలని నియమమే ఉన్నది.

అమ్మ తలెత్తి చూసింది. "పెట్టెలో రావడం గురించి కాదే నేను చెప్పేది. కళ్ళతో చూడ్డానికి రావాలి" అన్నది.

ఎవరమూ మాట్లాడలేదు. కొంతసేపటికి మావైపు తిరిగి, మెల్లగా, "నా మంచం ఎక్కడ పెట్టావు నాయనా?" అని అడిగింది.

ప్రియులారా, అమ్మ వెళ్ళిన మూడవ నెలలోనే ఆమె గదిలో సండేస్కూలు బల్లలు, విత్తనాల బస్తాలు వేశాము. ఆమె నవారు మంచం విప్పి అటక మీద పెట్టాము. వీడియోలో మేము మాట్లాడుతుంటే మా వెనుక ఆ గోడ ఖాళీగా ఉండడం ఆమె చూసింది. ఏడాదికి పైగా చూస్తూ ఏమీ అనలేదు. ఇక తిరిగి రానవసరం లేదని కొడుకు తీర్మానించాడు అనుకున్నది. మేము అలా తీర్మానించలేదు. తీర్మానించకుండానే ఆ పని చేశాము. సిగ్గుతో తల వంచుకున్నాము.

చెల్లెలు ఏడుస్తూ, "నాకు కష్టమని పంపలేదు అన్నయ్యా. అమ్మ వెళ్తే పిల్లలు ఒంటరి అవుతారని కాదు, మళ్ళీ రాదేమోనని భయం. టిక్కెట్టు, బీమా అన్నీ కలిపితే మూడు నెలల జీతం" అన్నది. మేనకోడలు అంతవరకు వింటూ కూర్చున్నది. పన్నెండేళ్ళ పిల్ల. "అమ్మమ్మ వీసా ఎన్నిసార్లయినా కదా అమ్మా? మరి వెళ్ళి రావచ్చుగా?" అన్నది వచ్చీరాని తెలుగులో. పెద్దవాళ్ళమంతా ఆ వీసాను వెళ్ళే ద్వారంగానే చూశాము. వచ్చే ద్వారం కూడా అదేనని ఆ పసిపిల్ల చెప్పింది.

ఆ రాత్రి లెక్కలు వేసుకున్నాము. రానుపోను టిక్కెట్టులో సగం మేము పెట్టుకునేటట్లు, మిగతాది చెల్లెలు పెట్టుకునేటట్లు ఒప్పుకున్నాము. ఆ చలికాలం గడిచేవరకు అమ్మ ఉండడానికి సంతోషంగా ఒప్పుకున్నది. తేదీ తెలిసిన తరువాత ఆమె ముఖమే మారిపోయింది. రోజులు ఎంచుకోవడానికి కాలెండరు అడిగి తన గదిలో తగిలించుకున్నది.

ఐగుప్తుకు బయలుదేరిన యాకోబు సంగతి మనమందరం ఎరిగినదే. కొడుకు బండ్లు పంపాడు. నూట ముప్పై ఏళ్ళ ముసలివాడు మనవలతో కూడా బండి ఎక్కాడు. కాని బెయేర్షెబా దగ్గర ఆగాడు. వెళ్ళవచ్చునా అని అతని ప్రాణం తల్లడిల్లింది. గోషెనులో పదిహేడేళ్ళు సుఖంగానే ఉన్నాడు, అయినా తన పితరుల దగ్గర తనను పాతిపెట్టమని యోసేపు చేత ప్రమాణం చేయించుకున్నాడు. ఆ భాగం మీద మేము ఎన్నిసార్లో ప్రసంగించాము. మా ఇంట్లోనే ఒక యాకోబు బెయేర్షెబా దగ్గర నిలబడి ఉంటే గుర్తుపట్టలేకపోయాము.

తిరిగి రాగానే మేము చేసిన మొదటి పని, బల్లలు గుడి వరండాలోకి మార్చి, మంచానికి క్రొత్త నవారు అల్లించడం. దాని ఫొటో తీసి పంపాము. అమ్మ జవాబుగా ఏమీ చెప్పలేదు గాని, దానిని మేనకోడలు పెద్దగా అచ్చు వేయించి ఇస్తే తలగడ క్రింద పెట్టుకున్నదట.

2025 మార్చి ఆఖరున అమ్మ ఒంటరిగా వచ్చింది. ముందుగా చెప్పి వీల్‌చైరు సహాయం తీసుకున్నారు. మేనకోడలు ఒక అట్టముక్క మీద ఇంగ్లీషులో, తెలుగులో "నాకు తెలుగు మాత్రమే వచ్చు, నేను హైదరాబాదు వెళ్ళాలి" అని వ్రాసి మెడలో వేసిందట. ఆ ఏప్రిల్ 20న ఈస్టరు. తెల్లవారకముందే మా ఊరి సమాధుల తోటకు కొవ్వొత్తులతో వెళ్ళాము. అమ్మ నాన్నగారి సమాధి సున్నం తన చేతులతో రుద్ది, పూలు పెట్టి, ప్రక్కన ఖాళీగా ఉన్న నేలను కాలితో చదును చేసి, "ఇంకా తొందరేమీ లేదులే" అన్నది. మేము నవ్వాము. ఈసారి ఆమె కూడా నవ్వింది.

ఐదు నెలలు ఉండి, బడులు తెరిచే వేళకు, సెప్టెంబరులో మరల వెళ్ళింది. ఈసారి మేము అడగక ముందే, "పిల్లాడి పుట్టినరోజుకు అందుకోవాలి, టిక్కెట్టు తియ్యి" అన్నది. బీమా మరల తీసుకున్నారు. విమానాశ్రయంలో అధికారి ఎన్నాళ్ళుంటారని అడిగితే, ఈసారి ఆమె దగ్గర జవాబు ఉన్నదట.

కాబట్టి "వెళ్ళమంటారా?" అని అడిగే పెద్దలకు మా మాట. వెళ్ళండి. మనవలను ఎత్తుకొనడం గొప్ప ధన్యత. కాని వెళ్ళేముందు పొలం అమ్మకండి, ఇల్లు ఖాళీ చేయకండి, ఎప్పుడు తిరిగి వస్తారో పిల్లలతో కలిసి తేదీ అనుకొని బయలుదేరండి. రమ్మని పిలిచే కుమారులకు, కుమార్తెలకు ఒక మాట. రావడానికి పెట్టే ఖర్చుతోపాటు పోవడానికి పెట్టే ఖర్చు కూడా మొదటే లెక్కలో వేసుకోండి. ఇక్కడ మిగిలిపోయిన మావంటి వారికి ఒక మాట. "మీ ఇష్టం నాయనా" అని తల్లి అంటే ఆమె ఇష్టం ఇంకా మనకు తెలియలేదన్నమాట. మరల అడగండి.

అమ్మ మంచం ఆమె గదిలోనే ఉన్నది. వారానికొకసారి మా సతీమణి దుప్పటి మార్చుతున్నది.